బరంపురానికి అద్దె సైకిళ్లు

ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి పొద్దున్నే బరంపురంలో రైలు దిగే మనవాళ్లలో ఎక్కువమందిది ఎంకేసీజీ ఆస్పత్రి పనో, బడా బజార్ పనో, కాలేజీనో. చాలామందికి రైలు టికెట్టు కంటే స్టేషన్ బయట ఆటోకే ఎక్కువ అవుతుంది. నడుద్దామంటే ఎండ. ఈ రెండు మూడు కిలోమీటర్ల కోసమే ఊళ్లో ఇంటింటికీ బండి వచ్చింది, ఆగి ఉన్న బండ్లతోనే బజారు వీధులు సగం నిండిపోతున్నాయి.

బరంపురం కార్పొరేషన్ అద్దె సైకిళ్లు పెడితే సరిగ్గా ఈ దూరానికే పనికొస్తాయి. గంటల లెక్కన సైకిలిచ్చే షాపులు మన పెద్దవాళ్లకు కొత్త కాదు. కాకపోతే ఇప్పుడు తీసుకున్నచోటే తిరిగి ఇవ్వక్కర్లేదు. స్టేషన్లో తీసుకుని ఆస్పత్రి స్టాండులో పెట్టేయొచ్చు, అదే సైకిల్‌ను ఇంకొకరు తీసుకుంటారు. ఆరోగ్యం మాటకొస్తే, బార్సిలోనా అద్దె సైకిళ్లపై 2011లో వచ్చిన అధ్యయనం ప్రమాదాలు, పొగ వల్ల కలిగే నష్టం కంటే తొక్కడం వల్ల వచ్చే లాభమే చాలా ఎక్కువని లెక్కగట్టింది.

అయితే సైకిళ్లు కొని, రిబ్బన్ కత్తిరించి వదిలేస్తే కుదరదు. భువనేశ్వర్‌లో 2018 నవంబర్‌లో, హాకీ ప్రపంచ కప్ ముందు, 'మో సైకిల్' అనే అద్దె సైకిళ్ల పథకం ఆర్భాటంగా మొదలైంది. ఆ ఊపు తర్వాత నిలవలేదు. స్టాండ్లు లేకుండా ఎక్కడపడితే అక్కడ సైకిళ్లు వదిలే పద్ధతితో వచ్చిన చైనా కంపెనీ ఓఫో 2018లోనే మన దేశం నుంచి సర్దుకుని వెళ్లిపోయింది. మైసూరు 2017లో 450 సైకిళ్లతో, స్థిరమైన స్టాండ్లతో, స్మార్ట్‌కార్డుతో 'ట్రిన్ ట్రిన్' మొదలుపెట్టింది. మనకు ఆ దారే మేలు. చేతిలో స్మార్ట్‌ఫోన్ లేని నేతగాడికీ, కూరగాయలమ్మే అమ్మకీ కార్డు సరిపోతుంది, యాప్ సరిపోదు.

పొద్దున సైకిళ్లన్నీ స్టేషన్ నుంచి ఆస్పత్రి వైపు వెళ్లిపోతాయి. తర్వాతి రైలు దిగినవాళ్లకు ఖాళీ స్టాండు కనిపిస్తే మర్నాడు వాళ్లు మళ్లీ ఆటోనే ఎక్కుతారు. అందుకే సైకిళ్లను వెనక్కి మోసే చిన్న వ్యాను, పంక్చర్లు చూసే మెకానిక్కు మొదటి రోజు నుంచే ఉండాలి. వైశాఖం ఎండలో మధ్యాహ్నం ఎవరూ తొక్కరు, ఆ సమయాన్ని రిపేర్లకు వాడుకోవచ్చు.

డబ్బెక్కడిది అంటారు. పారిస్ 2007లో తన అద్దె సైకిళ్ల పథకం 'వెలిబ్' నడిపే బాధ్యత ఒక ప్రకటనల కంపెనీకి అప్పగించి, బదులుగా నగరంలో హోర్డింగుల హక్కులిచ్చింది. బరంపురంలో హోర్డింగులకు కొదవ లేదు. వాటి ఆదాయంలో ఒక వాటాను కార్పొరేషన్ ఈ పథకానికి రాసిపెట్టాలి. టెండర్లో ఎన్ని సైకిళ్లు ఇచ్చారన్నది కాకుండా, రోజూ ఎన్ని తొక్కే స్థితిలో ఉన్నాయన్నది చూసి కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలి.