ఇంటి పెద్దకు ఒక పదవి కావాలి

టీవీకి ఒక కంప్యూటర్ తగిలించి, సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు, పిల్లల బారసాల ఫొటోలు అన్నీ అందులో పోసి, సోఫాలో కూర్చుని చూసుకునే ఏర్పాటును మీడియా సెంటర్ అంటారు. ఇది కొనాలా వద్దా అన్న విషయం మీద నెల్లూరులో ఇంతవరకూ బహిరంగ చర్చ జరగలేదు. మాగుంట లేఅవుట్ నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా ఎందరో గృహస్థులు రాత్రిపూట ఫోన్‌లో దీని ధరలు చూసుకుంటూ, భార్య ఇటు తిరగ్గానే స్క్రీన్ ఆర్పేస్తున్నారు. ఇంత పెద్ద నిర్ణయం దుప్పటి కింద జరగడం సమాజానికి క్షేమం కాదు.

వద్దనేవాళ్ల వాదన బలంగానే ఉంది, దాచడం దేనికి? ఇప్పటి టీవీలో అన్ని యాప్‌లూ ముందే ఉంటున్నాయి. పాత టీవీ అయితే నాలుగైదు వేలు పెడితే వెనక గుచ్చుకునే స్టిక్కు వస్తుంది. అది పెట్టిన పూటే పని చేస్తుంది. కంప్యూటర్ అలా కాదు. నెట్‌ఫ్లిక్స్ బొమ్మ 4కె అనే మహా స్పష్టమైన రూపంలో కావాలంటే, విండోస్ పెట్టెలో అయితే ఎడ్జ్ బ్రౌజర్‌లోనో వాళ్ల యాప్‌లోనో చూడాలి, టీవీ కూడా దొంగ కాపీలు తియ్యకుండా వేసే హెచ్‌డీసీపీ 2.2 అనే తాళానికి ఒప్పుకోవాలి. ఒక్కటి తప్పినా పాతిక వేల పెట్టె, స్టిక్కు కంటే మసగ్గా చూపిస్తుంది. కంపెనీల సంగతి చెప్పనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 2002లో మీడియా సెంటర్ కోసమని ప్రత్యేకంగా ఒక విండోస్ తెచ్చింది, 2015లో విండోస్ 10 వచ్చేసరికి ఆ ముక్కనే పీకేసింది. అరచేతిలో పట్టే ఎన్‌యూసీ అనే బుల్లి కంప్యూటర్లు చేసిన ఇంటెల్ 2023లో ఆ వ్యాపారాన్ని ఆసుస్‌కు అప్పగించి పక్కకు జరిగింది. అంత పెద్దవాళ్లే దండం పెట్టి తప్పుకున్న సరుకును మనం ఎదురెళ్లి కొనాలా అని అడిగితే, కొనాలనే ఈ వ్యాసం చెబుతుంది. కాకపోతే సినిమాలు చూడటానికి మాత్రం కాదు.

కారణం తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి. మద్రాసు దూరదర్శన్ 1975లో మొదలైంది. ఆ తర్వాతి రోజుల్లో ఆ బొమ్మ పట్టడానికి మన జిల్లాలో టీవీ ఉన్న ఇంటి మిద్దె మీద ఇనప గొట్టం ఒకటి లేచింది. గాలి వీచిందంటే యాంటెనా పక్కకు తిరిగేది. అప్పుడు ఇంటి పెద్ద పంచె ఎగ్గట్టి మిద్దె ఎక్కేవాడు. "వచ్చిందా?" అని పైనుంచి ఆయన, "రాలా!" అని కింద నుంచి పిల్లలు. "ఇప్పుడో?" "వచ్చె, వచ్చె... పోయె నాయనా!" అరవం ఒక్క ముక్క రాకపోయినా ఆ బొమ్మలన్నీ చూశాం. నాయన చెయ్యి పడకపోతే ఇంట్లో బొమ్మ లేదు. అదీ పదవి అంటే.

కేబుల్ వచ్చి ఆ పదవిని వీధి చివరి కుర్రాడికి ఇచ్చింది. సెట్‌టాప్ బాక్స్ వచ్చి ఆ కుర్రాడి నుంచి కూడా లాగేసుకుంది. 149 రూపాయలకు ఫైబర్‌నెట్ అన్నారు, ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చింది. ఇప్పుడు నాలుగేళ్ల మనవరాలు రిమోట్ నోటి దగ్గర పెట్టుకుని ఫలానా పాట అంటే టీవీ పలుకుతోంది. ఇంటి పెద్ద మాత్రం దర్గామిట్టలో కరెంటు బిల్లు కట్టి, ట్రంకురోడ్డులో కూరగాయలు పట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని ఎవరో పెట్టింది చూస్తున్నాడు. ఛానల్ మార్చమంటే "నీకు రాదులే తాతా" అంటున్నారు. ఈ నిరుద్యోగం ఏ సర్వేలోనూ కనిపించదు. దీనికి ఉన్న ఒకే మందు మీడియా సెంటర్.

అదెలాగో చూద్దాం. టీవీ రిమోట్‌తోనే తగిలించిన పెట్టెను కూడా నడిపే సౌకర్యం ఒకటుంది, దాని పేరు సీఈసీ. స్టిక్కుల్లో ఉంటుంది, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుల్లో ఉంటుంది. మామూలు కంప్యూటర్లలో చాలావాటికి ఉండదు. తెలియనివాళ్లు దీన్ని లోపం అంటారు. కానీ దానివల్లే చిన్న కీబోర్డు ఒకటి విడిగా కొనాల్సి వస్తుంది, ఆ కీబోర్డు ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే తెలుస్తుంది. సరిగ్గా అత్తాకోడళ్లు సీరియల్‌కు కూర్చున్న వేళకు విండోస్ అప్‌డేట్ మొదలవుతుంది. "ఏవండీ, ఇదేందో అడుగుతా ఉండాది, వచ్చి చూడండి" అని కేక వస్తుంది. ఆ కేక విని ఎన్నేళ్లయింది! వెంటనే వెళ్లకూడదు. కళ్లజోడు తుడుచుకుని, "ఏమైంది మళ్లీ?" అంటూ నిదానంగా వెళ్లాలి.

అసలు ఉద్యోగం లైబ్రరీ సర్దడంలో ఉంది. దీనికి ఎక్కువమంది వాడేది కోడి అనే ఉచిత ప్రోగ్రాం. ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం కొందరు ఔత్సాహికులు రాసుకున్నది, 2014లో ఈ పేరు పెట్టుకుంది. అది తనంతట తాను ఏ సినిమా ఇవ్వదు, మనం పెట్టినదాన్నే పోస్టరు, నటీనటుల పేర్లతో సహా అందంగా పేర్చి చూపిస్తుంది. (మనం పెట్టింది ఎక్కడి నుంచి వచ్చిందని అది అడగదు. మర్యాద కొద్దీ ఈ వ్యాసమూ అడగదు.) పోస్టరు సరిగ్గా రావాలంటే ఫైలు పేరులో సినిమా విడుదలైన ఏడాది కూడా రాయాలి. ఒకే పేరుతో తాతకూ తండ్రికీ మనవడికీ విడివిడిగా సినిమాలు తీసిన జాతి మనది. ఏడాది రాయకపోతే భక్తి సినిమాకు హిందీ కత్తియుద్ధం పోస్టరు వచ్చి కూర్చుంటుంది. పేరు తెలుగులో రాద్దామంటే, ఆ ప్రోగ్రాం వాడే ఫాంటులో మన లిపి లేకపోతే వరసగా ఖాళీ డబ్బాలు. ఇంగ్లీషులో రాద్దామంటే దీర్ఘానికి రెండు 'ఎ'లా, ఒకటా? రిటైరైన రెవెన్యూ ఉద్యోగికి అడంగల్ సవరణల తర్వాత ఇంత తృప్తినిచ్చే పని ఇంకొకటి లేదు. అలా సర్దుకుంటూ పోతే సినిమా చూసే తీరిక దొరకదు. దొరకాల్సిన అవసరం కూడా లేదు.

హార్డ్ డిస్కు విషయంలో ఒక హెచ్చరిక. బస్తా మీద రాసిన తూకం ఒకటి, కాటా మీద తేలేది ఒకటి అన్నట్టు, 1 టీబీ డిస్కు కొని తగిలిస్తే విండోస్‌లో 931 జీబీయే కనిపిస్తుంది. మోసం కాదు. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కవేస్తారు, విండోస్ 1024తో లెక్కవేస్తుంది. షాపులో పోట్లాటకు దిగొద్దు. ఇంటికొచ్చి ఈ సంగతి అందరికీ వివరంగా చెప్పడం మాత్రం మీ హక్కు.

న్యాయంగా ఆలోచిస్తే ఈ పెట్టెకు నిజమైన పని ఒకటుంది. పెళ్లి క్యాసెట్. బీరువాలో పట్టుచీరల కింద ఉండే ఆ వీహెచ్ఎస్‌ను ఎప్పుడో ఒక స్టూడియోవాడు డీవీడీలోకి దించి ఇచ్చాడు, ఆ డీవీడీ ఇప్పుడు సగంలో ఆగిపోతోంది. ఓటీటీలో లైసెన్సు అయిపోతే సినిమా మాయమవుతుంది, ఇంకో ఓటీటీలో తేలుతుంది. మన పెళ్లి ఎక్కడా తేలదు. కాబట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంకో కాపీ వేరే డిస్కులో పెట్టుకోవడం మంచి పనే. కాకపోతే డీవీడీ బొమ్మ 720 చుక్కల వెడల్పు, 4కె టీవీ 3840. యాభై అయిదు అంగుళాల మీద వేస్తే పెళ్లికొడుకు మొహం పిండిబొమ్మలా ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. అందరి కళ్లూ భోజనాల బంతి మీదే ఉంటాయి. మూడో వరసలో నీలం చొక్కాతో కూర్చుని చేపల పులుసు రెండోసారి అడిగినాయన ఎవరివైపు చుట్టమో ఇప్పటికీ తేలలేదు. ఆ చర్చ గంట నడుస్తుంది, అంతసేపూ రిమోట్ మీ చేతిలోనే.

ఇంట్లోనే థియేటర్ అనుభవం అని షాపువాడు ఆశపెడితే మాత్రం నమ్మకండి. ఆ కోరిక తీరే చోటు సూళ్లూరుపేట దగ్గరుంది. 2019లో తెరిచిన వీ ఎపిక్ సినిమా హాల్లో తెర వెడల్పు దాదాపు 100 అడుగులు. మీ టీవీ వెడల్పు 4 అడుగులు. (2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయి, అప్పట్లో మనకు ప్రకాశం నుంచి కందుకూరు వచ్చింది. కందుకూరివాళ్ల మీద కోపం లేదు గానీ, వాళ్లు తెర తేలేదు.)

కరెంటు ఖర్చు గురించి అడిగితే సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి. 10 వాట్లతో నడిచే చిన్న పెట్టెను రాత్రింబవళ్లు వదిలేసినా నెలకు 7 యూనిట్లు దాటి పెద్దగా పోదు. అటక మీది పాత డెస్క్‌టాప్‌ను దించి వాడతానని పొదుపుగా ఆలోచించకండి. అది 70 వాట్లు తాగితే నెలకు 50 యూనిట్లు, పై శ్లాబులోకి తోసేస్తుంది. అప్పుడు పదవీ పోతుంది, పరువూ పోతుంది.

రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె దొరుకుతాయి గానీ పెత్తనం రొట్టె ఇంకా రాలేదు. అందుకే సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వస్తోంది. భార్య అనుమతి ఎలా అంటే, పెళ్లి వీడియో పేరు చెప్పండి, చాలు.

కొన్నాక అసలు ప్రమాదం సంక్రాంతికి వస్తుంది. చెన్నైలోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ చేసే అల్లుడు అరిసెలు తింటూ పెట్టె వంక చూసి, "మామయ్యా, కొంచెం స్లోగా ఉన్నట్టుంది, నేను సెట్ చేసి ఇస్తాను" అంటాడు. ఒప్పుకున్నారో, సాయంత్రానికల్లా అన్నీ ఒకే రిమోట్‌తో, ఒకే బటన్‌తో, మీ అత్తగారికి కూడా అర్థమయ్యేలా చేసిపెట్టేస్తాడు. అంతటి ఉపకారం జరగనివ్వకండి. "పండగపూట పనేంది నాయనా" అని పిల్లలతో సహా మైపాడు బీచికి పంపించండి. బండి వీధి మలుపు తిరగ్గానే పాస్‌వర్డ్ మార్చేయండి.