నీడను వదిలింది తనే, వెంటాడాల్సిందీ తనే

యుక్తవయసు కుర్రాడు హీరోగా సాగే ఫాంటసీ నవలలు చాలావాటిలో దారి ఒకటే. ఎక్కడో ఓ దుష్టశక్తి ఉంటుంది. కుర్రాడు విద్యలు నేరుస్తాడు, దాన్ని మట్టుబెడతాడు, పెద్దవాడవుతాడు. 1968లో ఉర్సులా కె. లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో ఆ దుష్టశక్తిని లోకం మీదికి వదిలింది ఆ కుర్రాడే. అదీ పదిమంది చూస్తుండగా, పంతానికి పోయి. ఇన్నేళ్లయినా ఈ చిన్న నవలను నేను పిల్లల పుస్తకంగా పక్కన పెట్టలేకపోవడానికి కారణం అదే.

గెడ్ గాంట్ దీవిలో మేకలు కాసుకునే తల్లిలేని పిల్లాడు. ఊరి మీదికి దండు వస్తే పొగమంచు కమ్మించి ఊరిని కాపాడతాడు. పదమూడో ఏట ఓజియన్ అనే మాంత్రికుడు అతణ్ని శిష్యుడిగా వెంట తీసుకెళ్తాడు. దారిలో వాన పట్టుకుంటుంది. వానను పక్కకు మళ్లించడం మామూలు మంత్రగాళ్లకు కూడా చేతనైన పనే. ఓజియన్ మాత్రం ఓ చెట్టు చూసుకుని దాని కింద పడుకుంటాడు. గెడ్ తడిసిన పొదల మధ్య ముడుచుకుని, వాడని శక్తి ఉండి ఏం లాభమని లోలోపల ఉడికిపోతాడు. పేజీ కూడా నిండని ఈ ఘట్టంలోనే, అతను ముందుముందు చేయబోయే తప్పు మొత్తం కనిపిస్తుంది.

ఆ తొందర తట్టుకోలేకే గురువును వదిలి రోక్ దీవిలోని మంత్రవిద్యల బడికి వెళ్తాడు. అక్కడ జాస్పర్ అని గొప్పింటి కుర్రాడు. మర్యాదగా మాట్లాడుతూనే మేకల కాపరివన్న సంగతి గుర్తుచేస్తుంటాడు. ర్యాంకుల మధ్య పెరుగుతున్న మన ఇంటర్ పిల్లలకు జాస్పర్ ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. అతని మీద పంతంతో గెడ్ ఓ రాత్రి వెయ్యేళ్ల కిందట చనిపోయిన ఎల్ఫారన్ అనే అందగత్తె ఆత్మను పిలుస్తాడు. లోకానికి పడిన ఆ చీలికలోంచి ఓ నీడ దూకి అతని ముఖాన్ని చీరేస్తుంది. చీలికను మూసే ప్రయత్నంలో బడికి పెద్దయిన నెమ్మెర్లె ప్రాణాలు పోతాయి.

కథ నెమ్మదిస్తుందని చాలామంది విసుక్కునేది ఇక్కడి నుంచే. నా దృష్టిలో నవలకు ప్రాణం ఈ భాగమే. అందరికంటే ముందున్నవాడు అందరికంటే వెనకబడతాడు. చిన్న మంత్రానికి కూడా జంకుతాడు. ముఖం మీద మచ్చ మిగిలిపోతుంది. ఎవరూ అతన్ని శిక్షించరు, ఎవరూ ఊరడించరు కూడా. బడిలో స్నేహితుడైన వెచ్ ఒక్కడు మాత్రం వెళ్లిపోయే ముందు తన అసలు పేరు చెప్పి వెళ్తాడు. ఆ లోకంలో అసలు పేరు తెలిస్తే మనిషి గుప్పిట్లోకి వచ్చినట్టే. అంత పెద్ద తప్పు చేసినవాడి చేతిలో ఓ స్నేహితుడు తన ప్రాణం పెడుతున్నాడు. ఒకసారి ఘోరంగా ఓడిన పిల్లాడికి చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేయగలరో ఇంత క్లుప్తంగా చెప్పిన సన్నివేశం నేను మరెక్కడా చదవలేదు.

ఆ తర్వాతి అధ్యాయం ఇంకా కఠినం. లో టోర్నింగ్ అనే చిన్న దీవుల్లో పడవలు కట్టే పెచ్‌వారీ కొడుకు జబ్బుతో చావుబతుకుల్లో ఉంటాడు. స్నేహితుడి బిడ్డ కదా, గెడ్ వదులుకోలేడు. బిడ్డ ప్రాణం వెంట మృతుల లోకంలోకి పరుగెత్తి, వెనక్కి రాలేక చిక్కుకుంటాడు. బిడ్డ దక్కడు. ఎలాగో తిరిగొచ్చి స్పృహ తప్పి పడున్న గెడ్‌ను మేల్కొలిపేది మంత్రం కాదు. అతను పెంచుకున్న ఒటాక్ అనే చిన్న జంతువు చేతినీ ముఖాన్నీ నాకుతూ ఉంటుంది, అంతే. ఈసారి అతణ్ని ముంచింది ప్రేమ. ప్రేమతో చేసినా హద్దు దాటితే దాటినట్టేనని రచయిత్రి పిల్లలకు దాచకుండా చెప్పింది.

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. బాలవర్ధి వెళ్లి చిలకను చంపితే కథ సుఖాంతం. గెడ్ కూడా ఓజియన్ సలహాతో, తనను వెంటాడుతున్న నీడ నుంచి పారిపోవడం మాని వెనుదిరిగి, నీడను తరుముతూ సముద్రాల చివరిదాకా వెళ్తాడు. అక్కడ చంపడానికి చిలక లేదు. నీడను తన పేరుతోనే పిలిచి పొదువుకుంటాడు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. పదిహేనేళ్ల వయసులో చదివితే ఈ ముగింపు కాస్త చప్పగా అనిపించవచ్చు. సొంత తప్పుకు మరొకరి పేరు పెట్టి తిరిగిన అనుభవం ఉన్నవాళ్లకు గుండె కలుక్కుమంటుంది.

మరో సంగతి. గెడ్‌ది రాగి రంగు ఒళ్లు, వెచ్ నల్లనివాడు, ఊళ్ల మీద పడి దోచేవాళ్లు తెల్లవాళ్లు. లె గ్విన్ దీన్ని చాటింపు వేయకుండా కథలో కలిపేసింది. 2004లో వచ్చిన టీవీ సిరీస్‌లో గెడ్‌ను తెల్లవాడిగా చూపిస్తే బహిరంగంగానే నిరసన తెలిపింది. ఆమె కోపం న్యాయమైనదే.

లోపాలు లేవని కాదు. గెడ్ దారిలో చిక్కుకునే సెర్రెట్ అనే ఆమె కోటలో జరిగే భాగం మిగతా నవల స్థాయిలో లేదు. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఆడవాళ్ల స్థానం. గెడ్‌కు తొలి మంత్రాలు నేర్పింది అతని తల్లి తోబుట్టువు. అయినా ఆడవాళ్ల మంత్రం బలహీనమైనది, చెడ్డది అన్న సామెతలు కథలో ఎదురులేకుండా నిలబడతాయి. రోక్ బడిలో మగపిల్లలకే చోటు. ఇరవై రెండేళ్ల తర్వాత, 1990లో ఈ వరుసలో నాలుగో నవల ‘టెహాను’ రాస్తూ లె గ్విన్ ఈ లోకాన్నే మళ్లీ ప్రశ్నించింది. శక్తులన్నీ పోగొట్టుకున్న గెడ్ అందులో పక్కకు జరిగితే, కథ టెనార్ అనే రైతు వితంతువు చుట్టూ, కాలిన గాయాలతో ఆమె చేరదీసిన పసిపిల్ల చుట్టూ తిరుగుతుంది. పిల్లలకు మొదటి పుస్తకం కొనిచ్చేవాళ్లు, వాళ్లు కాస్త ఎదిగాక ఈ నాలుగోదాన్ని కూడా చేతికివ్వాలి. ఆడపిల్లలకైతే తప్పకుండా.