బోన్‌మ్యారో మార్పిడి తర్వాత కళ్లు: తిరుగుతున్న సందేశానికి మా ఖండన

నెల్లూరు, ఒంగోలు వైపు రోగుల కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. అందులో ఉన్నది ఇది: "మూలకణ (బోన్‌మ్యారో) మార్పిడి అయ్యాక కళ్లు మండడం మామూలే. నీళ్లు కారుతుంటే కన్ను పొడిబారలేదని అర్థం. చూపు, రక్త పరీక్షలు బాగుంటే కంటి డాక్టరు అక్కర్లేదు. వంద రోజులు దాటితే భయం లేదు. మంట ఉంటే మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకోండి. ఆ పరీక్షలు చెన్నైలో తప్ప ఇక్కడ చేయరు." పంపేవాళ్లది మంచి మనసే. కానీ దీన్ని నమ్మి ఆగిపోతే పోయేది చూపు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెబుతున్నాం.

"నీళ్లు కారుతుంటే కన్ను పొడిబారలేదు"

పొడిబారిన కంట్లోనూ నీళ్లు కారుతాయి. దాత నుంచి వచ్చిన కణాలు కొత్త శరీరాన్ని పరాయిదిగా చూసి దాడి చేయడాన్ని జీవీహెచ్‌డీ అంటారు. ఆ దాడి కంటి దాకా వస్తే కన్నీటి గ్రంథులూ, రెప్పల అంచుల్లో ఉండే నూనె గ్రంథులూ దెబ్బతింటాయి. నూనె పొర పలచబడితే ఉన్న తడి త్వరగా ఆరిపోతుంది. ఆరిన చోట నరాలు రేగి ఒక్కసారిగా నీళ్లు తెప్పిస్తాయి. ఆ నీరు చెంప మీదికి జారిపోతుందే తప్ప కంటి మీద నిలవదు. రెప్పల లోపలి మూలల్లో కన్నీరు దిగే సన్న రంధ్రాలు మచ్చకట్టి మూసుకుపోయినా నీళ్లు కారుతూనే ఉంటాయి.

నీటిని పక్కన పెట్టి వేరే గుర్తులు చూడండి: ఇసుక పడ్డట్టు గరగర, ఫ్యాను కింద మంట, పొద్దున లేవగానే రెప్పలు అంటుకోవడం, దారపు పోగుల్లా సాగే పుసి, వెలుతురు చూడలేకపోవడం. మన దగ్గర మంటకు కారణాలు చెప్పుకోవడం తేలిక. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము, పొగాకు బ్యారన్ల పొగ, మే నెల వడగాలి. ఇవన్నీ పొడి కంటిని నిజంగానే ఇంకా ఇబ్బంది పెడతాయి. అసలు జబ్బు ఆ నెపం వెనక దాగిపోవడమే ప్రమాదం.

"చూపు బాగుంటే డాక్టరు అక్కర్లేదు"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. నల్లగుడ్డు (కార్నియా) మధ్యభాగం పాడయ్యేదాకా చార్టులో ఆఖరి వరుస కూడా చదవగలరు. ఈలోపు అంచుల్లో, రెప్పల లోపల నష్టం నడుస్తూనే ఉంటుంది. పై రెప్ప లోపలి పొర మచ్చకట్టి గరుకెక్కుతుంది. రెప్ప వేసిన ప్రతిసారీ అది నల్లగుడ్డును గీరుతుంది. రెప్ప తిప్పి చూడకుండా "బాగానే ఉంది" అంటే ఆ పరీక్ష సగమే. కొందరిలో నల్లగుడ్డు మీది నరాలు మొద్దుబారి మంట తగ్గుతుంది. అప్పుడు నయమైందనుకుంటారు, పుండు పడినా తెలియదు.

నొప్పి లేకుండా వచ్చేవి ఇంకా ఉన్నాయి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడితే కంటి ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినవచ్చు. నీటికాసులు (గ్లాకోమా) అనే ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. ఒళ్లంతా రేడియేషన్ తీసుకున్నవారికి కొన్నేళ్లకు శుక్లం రావచ్చు. స్టెరాయిడ్ తోడైతే ముందే వస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభించే సైటోమెగలో వైరస్ రెటీనాకు (కంటి వెనక తెరకు) పాకితే మొదట కనిపించేవి తేలే నల్లచుక్కలే. ఒక కన్ను తగ్గితే రెండోది సర్దేస్తుంది కాబట్టి వారానికోసారి ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చదవండి. తేడా త్వరగా తెలుస్తుంది. అయితే డాక్టరు చేసే పరీక్షకు ఇది బదులు కాదు.

సొంత కణాలతో మార్పిడి చేయించుకున్నవారికి జీవీహెచ్‌డీ భయం దాదాపు లేదు. శుక్లం, ప్రెషర్, ఇన్‌ఫెక్షన్ల భయం మాత్రం వారికీ ఉంటుంది.

"రక్త పరీక్షలు బాగుంటే చాలు"

కన్నీటి గ్రంథి దెబ్బతిన్న సంగతి చెప్పే మామూలు రక్త పరీక్ష ఏదీ లేదు. రక్తం లెక్కలు పనికొచ్చేది మరోలా: ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, సైటోమెగలో వైరస్ లెక్క పెరిగినా కంటి పాపను పెద్దది చేసి రెటీనా చూడమని అడగాలి.

"వంద రోజులు దాటితే భయం లేదు"

ఆ వంద అనే అంకె, జీవీహెచ్‌డీని తొలిదశ, దీర్ఘకాలికం అని విడదీయడానికి ఒకప్పుడు గీసిన గీత. ఇప్పుడు రోజులు లెక్కపెట్టి కాదు, లక్షణాలు చూసి విడదీస్తున్నారు. కంటి జీవీహెచ్‌డీ ఎక్కువగా బయటపడేది వంద రోజుల తర్వాతే. జీవీహెచ్‌డీ రాకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందుల మోతాదు తగ్గిస్తున్న నెలల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. మార్పిడికి ముందు ఒకసారి, తర్వాత 3, 6, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి చూపించుకోవడం మంచి పద్ధతి. మీ మార్పిడి డాక్టరు ఇంకా తరచుగా రమ్మంటే ఆ మాటే వినండి. నోట్లో పుండ్లు, తెల్లచారలు, చర్మం బిగుసుకోవడం కనిపిస్తే తేదీ కోసం ఆగొద్దు. నోటికి వచ్చినవారికి కంటికీ వచ్చే అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలు మంట అని చెప్పలేరు. అదేపనిగా రెప్పలు కొట్టడం, కళ్లు నలుపుకోవడం, ఎండలోకి రానని మారాం చేయడం గమనించండి.

"మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకోండి"

అడగకుండా చేతికిచ్చే "ఎర్రకన్ను చుక్కల్లో" చాలావరకు యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది. లోపల హెర్పిస్ వైరస్ గానీ ఫంగస్ గానీ ఉంటే అది చాటున పెరుగుతుంది. వరికోతల్లో ఆకు గీరుకుంటే ఫంగస్ పుండు పడే ఊళ్లు మనవి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ఆ ముప్పు ఇంకా పెద్దది. నొప్పికి వేసే కెటోరోలాక్, డైక్లోఫెనాక్ చుక్కలు బాగా పొడిబారిన నల్లగుడ్డును కరిగించగలవు. స్టెరాయిడ్ చుక్కలు కంటి జీవీహెచ్‌డీకి మందే, కానీ డాక్టరు కంటి ప్రెషర్ చూస్తూ, మోతాదు దించుతూ వాడించినప్పుడే.

డాక్టరు చూసేదాకా వేసుకోదగ్గవి నిల్వమందు (ప్రిజర్వేటివ్) లేని కన్నీటి చుక్కలు, ఉదాహరణకు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం. లేబుల్ మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే రోజుకు చాలాసార్లు వేయడానికి అది పనికిరాదు, ఆ నిల్వమందే కంటి పైపొరను దెబ్బతీస్తుంది. నందివర్ధనం పూల రసం, తేనె, తల్లిపాలు, ఆముదం ఈ కళ్లలో వేయొద్దు. వాటిలో సూక్ష్మక్రిములు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఉచిత శిబిరం బస్సు వచ్చిందని శుక్లం ఆపరేషన్‌కు ఎక్కేముందు మార్పిడి సంగతి తప్పకుండా చెప్పండి. పొడి కంటిని అదుపులోకి తేకుండా కత్తి పెడితే నల్లగుడ్డు కరిగి చిల్లు పడిన సందర్భాలున్నాయి.

"ఆ పరీక్షలు ఇక్కడ చేయరు"

స్లిట్‌ల్యాంపు (కంటిని పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని), రంగు అద్దిన కాగితం, కన్నీటి తడి కొలిచే షిర్మర్ పట్టీ, ప్రెషర్ చూసే పరికరం: మొదటి పరీక్షకు కావలసినవి ఇవే. నెల్లూరు, ఒంగోలు లాంటి జిల్లా కేంద్రాల్లో కంటి వైద్యుల దగ్గర ఇవి అడగదగ్గవే. అడిగేటప్పుడు "చూపు చూడండి" అనకండి. "దాత కణాల మార్పిడి అయింది, కంటి జీవీహెచ్‌డీ ఉందేమో చూడండి" అనండి. పరీక్ష దారి మారిపోతుంది.

షిర్మర్ పరీక్షలో 5 మిల్లీమీటర్ల వెడల్పు, 35 మిల్లీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీ మొన మడిచి, కింది రెప్ప బయటి మూల వైపు తగిలిస్తారు. మత్తు చుక్క వేయకుండా, సరిగ్గా 5 నిమిషాలు ఉంచుతారు. తడి 10 మిల్లీమీటర్లు దాటితే ఫరవాలేదు. 5 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రంగా పొడిబారినట్టే. 6 నుంచి 10 మధ్యలో వస్తే స్లిట్‌ల్యాంపులో కనిపించేదాన్ని బట్టి తేలుస్తారు. లెక్క తప్పేది చిన్న విషయాల్లోనే: వచ్చే ముందు చుక్కలు వేసుకోవడం (రెండు గంటల ముందే ఆపండి), ఫ్యాను గాలి నేరుగా తగలడం, పట్టీ మొన నల్లగుడ్డుకు తగిలి నీళ్లు ఉరకడం. నూనె గ్రంథులే పోయినవారికి పట్టీ బాగా తడిసినా జబ్బు ఉండొచ్చు. కాబట్టి రంగు వేసి కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చీలుతుందో కూడా చూడాలి. 10 సెకన్లలోపే చీలితే తేడా ఉన్నట్టే. ఈ అంకెలు రెండు కళ్లకూ విడివిడిగా చీటీ మీద రాయించుకోండి. మార్పిడికి ముందు తీసిన అంకెలుంటే పడిపోయిందో లేదో వెంటనే తెలుస్తుంది.

స్క్లెరల్ లెన్సులు (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్సులు), సొంత రక్తం నుంచి తయారుచేసే సీరం చుక్కలు లాంటి చికిత్సలకు చెన్నై, హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. జబ్బును పట్టుకోవడానికి మాత్రం అంతదూరం ఆగొద్దు. చూపు హఠాత్తుగా తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, నొప్పి పెరిగినా, కొత్తగా నల్లచుక్కలు, మెరుపులు వచ్చినా ఆ రోజే దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా కంటి ఆసుపత్రికి కాదు, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, మార్పిడి డాక్టరుకు ఫోన్ చేయించండి. అది సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వల్ల మెదడుకు వచ్చే ఇబ్బంది కావచ్చు. ఏ మందూ మీ అంతట మీరు ఆపొద్దు.