సబ్ చేశా బ్రో, మీరూ చేయండి

ఇన్‌బాక్స్‌లో ఇప్పుడే ఇంకో మెసేజ్ పడింది, యూట్యూబ్ ఛానల్‌కి సబ్‌స్క్రైబ్ చేశారట. "హాయ్ బ్రో, సబ్ చేశా. మీరూ చేసి స్క్రీన్‌షాట్ పెట్టండి." పేరు లేదు, ఊరు లేదు. దీన్ని నెట్‌వర్కింగ్ అంటారట! మొబైల్ అన్‌బాక్సింగ్ చేసేవాడు మిద్దె తోట ఛానల్‌కి సబ్ చేసి ఏం చూస్తాడు నాయనా, వంకాయకి పట్టిన పిండినల్లినా?

యూట్యూబ్ యాడ్ డబ్బులకి 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉంటే చాలదు, ఏడాదిలో జనం 4000 గంటలు చూసిన వాచ్ టైమ్ కావాలి (షార్ట్స్ అనే చిన్న వీడియోల దారిలో అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్). ఆ గంటలు స్క్రీన్‌షాట్లు ఇస్తాయా? పైగా సబ్‌కి సబ్, అంటే నువ్వు చేస్తే నేనూ చేస్తా అనేది, యూట్యూబ్ ఫేక్ ఎంగేజ్‌మెంట్ (దొంగ లెక్కలు పెంచడం) రూల్ కింద నిషేధం. ఛానల్ ఎగిరిపోయాక ఆ సబ్‌లు మార్చుకునే గ్రూప్ అడ్మిన్‌ని అడగండి, ఫోన్ ఎత్తితే చెప్పండి.

నిజంగా పరిచయాలు పెంచుకోవాలంటే మీ సబ్జెక్టులో, మీ సైజు ఛానళ్లు ఓ పది చాలు. లక్షలున్నవాళ్ల గుమ్మం ముందు పడిగాపులెందుకు? వాళ్ల వీడియో కింద కామెంట్లో "సూపర్ అన్నా" అనకండి. "3:20 దగ్గర వేపనూనె నీళ్లలో తేలిపోయింది కదండీ, లీటరు నీళ్లకి 5 ఎం.ఎల్. నూనె తీసుకుని, ముందు దాన్ని కాస్త లిక్విడ్ సోప్‌తో గిలక్కొట్టండి, కలిసిపోతుంది" అనండి. అలా మూడు నాలుగు వారాలు కనపడ్డాక కలిసి వీడియో (కొలాబ్) చేద్దామని మెసేజ్ పెట్టండి: టాపిక్ ఏంటి, మీరేం షూట్ చేస్తారు, వాళ్లేం చేయాలి, ఎప్పటికి. ఒట్టి "కొలాబ్ చేద్దామా?" అంటే ఆలోచించే పని మొత్తం వాళ్ల నెత్తిన పెట్టినట్టే, ఎవరు జవాబిస్తారు?

వీడియో అయ్యాక వాళ్ల లింకు డిస్క్రిప్షన్ మొదటి లైన్లోనే ఉండాలి, కిందకి పోతే 'మోర్' నొక్కితే గానీ కనపడదు. షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా తెరుచుకోవు, అక్కడ మీ ఛానల్లోని ఆ కొలాబ్ వీడియోనే రిలేటెడ్ వీడియోగా పెట్టుకోవాలి. మామూలు వీడియోలో చివరి 5 నుంచి 20 సెకన్ల ఎండ్ స్క్రీన్‌లో వాళ్ల ఛానల్‌కి చోటివ్వండి. ఇన్‌స్టాలో ట్యాగ్ చేసి చేతులు దులుపుకోకండి, కొలాబ్ ఇన్వైట్ పంపండి. వాళ్లు ఒప్పుకుంటే ఇద్దరి ప్రొఫైల్లోనూ అదే పోస్టు, అవే లైకులు.

ఇదంతా చిన్నవాళ్లకే చెప్పాలి, ఎందుకంటే పెద్ద ఛానళ్లకి మర్యాద ఎవరు నేర్పుతారు! ఎవరి మిద్దె మీదికో వస్తారు, పెట్టిన టీ తాగుతారు, సగం రోజు షూట్ చేసుకుంటారు, దాచిన నాటు విత్తనాలు కూడా పట్టుకుపోతారు. టైటిల్ చూస్తే "ఓ అక్క అద్భుత తోట". ఏ అక్క? ఛానల్ పేరు చెప్పడానికి నోరు రాలేదా? అడిగితే "డిస్క్రిప్షన్‌లో ఇచ్చాం కదండీ" అంటారు. ఇచ్చారు. కెమెరా, మైకు, ట్రైపాడ్ అఫిలియేట్ (ఎవరైనా కొంటే వీళ్లకి కమీషన్ వచ్చే) లింకులన్నీ దాటాక, హ్యాష్‌ట్యాగుల పైన. అదీ స్పెల్లింగ్ తప్పు, నొక్కితే ఎవరో పెళ్లి ఫొటోగ్రాఫర్ ఛానల్ తెరుచుకుంటుంది.