“ఇందులో ఏముంది, ఎవరైనా చేస్తారు” అనే ముందు

“మీటరుకు రేడియో తగిలించారు, దానికీ పేటెంటా?” ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి నీళ్ల మీటర్ల డిజైన్ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

అమెరికాలో చాలా ఊళ్లలో నీళ్ల మీటరు ఇంటి ముందు గుంతలో ఉంటుంది. పైన ఇనుప మూత. రీడింగ్‌ను దూరానికి పంపడానికి లోపల రేడియో పెడితే సిగ్నల్ ఆ ఇనుము దాటి సరిగా బయటికి రాదు. వాన పడితే గుంత నిండుతుంది. కరెంటు ఉండదు, ఒకే బ్యాటరీతో ఏళ్లు గడవాలి. పోనీ మూతకు రంధ్రం చేసి యాంటెన్నా పైకి తెద్దామంటే, దాని మీద కారు ఎక్కుతుంది, గడ్డి కోసే మిషన్ తగులుతుంది. ఎత్తు పెంచితే విరుగుతుంది, తగ్గిస్తే సిగ్నల్ పడిపోతుంది. ఇన్ని తిప్పలు పడ్డాక చేతికొచ్చేది ఒక ప్లాస్టిక్ బిళ్ల. దాన్ని చూసి ఇది నాకూ తట్టేదే అనడం ఎంత తేలికో!

చట్టం అడిగేది వేరు. దరఖాస్తు పెట్టిన నాటికి ఆ రంగంలో పనిచేసే మామూలు నిపుణుడికి ఇది తట్టేదేనా? మన 1970 పేటెంట్ల చట్టంలోని ఇన్వెంటివ్ స్టెప్ (కొత్తగా కనిపెట్టిన అంశం) నిర్వచనానికీ, అమెరికా పేటెంట్ చట్టం సెక్షన్ 103కీ గుండెకాయ ఈ ప్రశ్నే.

అలాగని అతికించిన ప్రతిదానికీ పేటెంట్ ఇమ్మనను. కారు పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సార్ పెట్టిన కేఎస్‌ఆర్ కేసులో, 2007లో, అమెరికా సుప్రీంకోర్టు కుదరదంది. తెలిసిన భాగాలు కలిపితే అనుకున్న ఫలితమే వచ్చినప్పుడు అందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మామూలు నిపుణుడికీ సొంత బుర్ర ఉంటుందని కూడా ఆ తీర్పు చెప్పింది. పాత్రలను లేత్ (తిప్పి చెక్కే యంత్రం) మీద బిగించే పద్ధతి గురించిన మిర్జాపూర్ కేసులో 1978లో మన సుప్రీంకోర్టు కూడా పేటెంట్ చెల్లదనే తేల్చింది. రెండూ న్యాయమే. రీడింగ్‌ను ఎస్ఎంఎస్‌గా పంపడానికి మీటరు పక్కన మోడెం పెట్టి పేటెంట్ అడిగితే నేనైనా ఇవ్వను.

నా గొడవల్లా జవాబు చూసి లెక్క చేయడంతోనే. మా దరఖాస్తు మీద పేటెంట్ ఆఫీసు నుంచి వచ్చిన అభ్యంతరాల్లో ఒక పాత పత్రం నుంచి యాంటెన్నా, ఇంకోదాన్నుంచి మూత, మూడోదాన్నుంచి సీలింగ్ తీసుకుని “కలిపితే ఇదే కదా” అన్నారు. ఆ మూడూ అంతకుముందు ఎవరూ ఎందుకు కలపలేదో, కలపమని ఆ పత్రాల్లో ఎక్కడుందో ఒక్క వాక్యం లేదు. ఆ మూడింటినీ మొదట కలిపి చూసినవాళ్లం మేమే. మొదటి నమూనాలోకి నీళ్లు దూరాయి, రెండోది చక్రం కింద పగిలింది. ఆ టెస్ట్ రిపోర్టులన్నీ జత చేసి, అదే రాసి, నిన్న జవాబు పంపాం.