పికోమీటర్‌కు న్యాయం ఎప్పుడు?

మీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క పేరు పికోమీటర్. మనిషి వెంట్రుక మందంలో ఇవి దాదాపు 8 కోట్లు పడతాయి. ఒక్క వెంట్రుకలోనే ఇంత జనాభా ఉండి కూడా తమ గోడు వినిపించుకోలేకపోతున్న వర్గం ప్రపంచంలో ఇంకొకటి లేదు. వాళ్ళ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అని ఈ వ్యాసం.

ముందు అర్హతల సంగతి. పికోమీటర్ దొడ్డిదారిన వచ్చింది కాదు. 1960లో పారిస్‌లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ‘పికో’ను ఎస్‌ఐ అనే అంతర్జాతీయ కొలమానాల పద్ధతిలోకి అధికారికంగా చేర్చుకుంది. అంతకుముందు ఈ పొడవును మైక్రోమైక్రాన్ అనేవాళ్ళు. ఇంత చిన్నదానికి అంత పొడుగు పేరు పెట్టినవాళ్ళకు హాస్యం బాగా తెలిసి ఉండాలి, లేదా అస్సలు తెలిసి ఉండకూడదు.

ఇక చేసే పని చూడండి. హైడ్రోజన్ అణువులో రెండు కేంద్రకాల మధ్య దూరం 74 పికోమీటర్లు. వజ్రంలో పక్కపక్క కార్బన్ల మధ్య 154. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ పొరలో 142. రెండూ కార్బనే. అల్లిక మారింది, దాంతోపాటు దూరం 12 పికోమీటర్లు తగ్గింది. ఒకటి ఉంగరం ఎక్కింది, రెండోదాన్ని రబ్బరుతో చెరిపేస్తున్నారు. ఈ అంకెల్లో ఎక్కడా చుక్క లేదు, గమనించారా? కళ్ళు చికిలించి చదవాల్సిన పనే లేదు.

అయినా శాస్త్రవేత్తలు వీటిని 0.74, 1.54, 1.42 అని రాసుకుంటారు. ఎందుకంటే వాళ్ళ మనసు ఆంగ్‌స్ట్రామ్ మీద ఉంది. స్వీడన్‌కు చెందిన ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1868లో సూర్యకాంతి వర్ణపటాన్ని గీత గీతగా కొలిచి ప్రచురించాడు. ఆ పనికి వాడిన కొలతకే తర్వాత ఆయన పేరు పెట్టారు. అది సరిగ్గా 100 పికోమీటర్లు. ఆయన మీద మాకే కోపమూ లేదు. కానీ ఆంగ్‌స్ట్రామ్ ఎస్‌ఐ ప్రమాణం కాదు. చట్టప్రకారం వారసుడు పికోమీటర్, అనుభవిస్తున్నది మాత్రం ఆంగ్‌స్ట్రామ్. సొమ్మొకడిది, సోకొకడిది.

ఈ పక్షపాతానికి సాక్ష్యాలు కావాలా? 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో అంతవరకూ ఎవరూ చూడనంత సూక్ష్మంగా పరమాణువుల్ని చూపించారు. ఆంగ్‌స్ట్రామ్‌లో సగం కన్నా తక్కువ వివరం. ఇంత జరిగాక కూడా ఫలితాన్ని 0.39 ఆంగ్‌స్ట్రామ్ అనే రాశారు. 39 పికోమీటర్లు అంటే ఏం పోయింది?

ప్రోటీన్ల నిర్మాణాలు భద్రపరిచే ఫైళ్ళు ఇంకా ఘోరం. ఒక్కో పరమాణువు ఎక్కడుందో ఆంగ్‌స్ట్రామ్‌లలో, చుక్క తర్వాత మూడు అంకెల దాకా రాస్తారు: 12.537 అన్నట్టు. ఆ మూడో అంకె విలువ పికోమీటర్‌లో పదో వంతు. అంటే పికోమీటర్ ఇల్లు దాటి దాని పెరట్లోకి కూడా వెళ్ళొస్తారు, యజమానిని మాత్రం పలకరించరు. (ఆ మూడో అంకెను మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళు ఎందరో అడక్కండి.)

మార్కెట్ సంగతి వేరే. చిప్‌లు అమ్మేవాళ్ళు నానోమీటర్‌ను, అంటే వెయ్యి పికోమీటర్లను, సినిమా హీరోను చేశారు. ‘3 నానోమీటర్ల చిప్’ అంటారు గానీ ఆ 3 చిప్‌లో ఏ భాగం కొలతా కాదు, అది ఒక తరం పేరు. అందులో కరెంటును ఆపే, వదిలే మీటల్లాంటి గేట్లుంటాయి, పక్కపక్క గేట్ల మధ్య దూరమే పదుల నానోమీటర్లు ఉంటుంది. నానోమీటర్లు అయిపోవచ్చేసరికి ఇక మన వంతు అనుకుని పికోమీటర్ కొత్త బట్టలు కట్టుకుని కూర్చుంది. తీరా చూస్తే ఒక కంపెనీ తన చిప్ తరానికి ‘18ఎ’ అని పేరు పెట్టింది. ఎ అంటే మళ్ళీ ఆంగ్‌స్ట్రామే! నిజానికి 1800 పికోమీటర్లు అని రాస్తే కొనేవాళ్ళు చిప్ పెద్దదైపోయిందని టెన్షన్ పడతారు, ఆ భయం మాకు అర్థమవుతుంది.

పికోమీటర్‌కు మర్యాద దక్కుతున్నది ఒక్కచోటే, అదీ భూమి మీద కాదు. యూరప్ అంతరిక్ష సంస్థ 2035 ప్రాంతంలో ‘లీసా’ పేరుతో మూడు ఉపగ్రహాలను పంపాలనుకుంటోంది. ఒక్కోదాని మధ్య దూరం 25 లక్షల కిలోమీటర్లు. గురుత్వ తరంగాలు, అంటే అంతరిక్షంలోనే పుట్టే అలలు, దాటిపోయేటప్పుడు ఆ దూరంలో వచ్చే పికోమీటర్ల స్థాయి మార్పును లేజర్‌తో పట్టుకోవాలి. ఆ లెక్కల్లో పికోమీటర్‌ను పికోమీటర్ అనే పిలుస్తున్నారు. గౌరవం కోసం ఇంత దూరం వలస వెళ్ళాల్సి రావడం బాధాకరం.

పరిష్కారం లేదా అంటే, ఉంది. కింది వీధిలోని ఫెంటోమీటర్‌ను చూడండి, పికోమీటర్‌లో వెయ్యో వంతు. 1956లో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాటర్ ఆ పొడవుకు మరో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి పేరు మీద ‘ఫెర్మి’ అని పెట్టాడు. 1964లో ఫెంటో అధికారికంగా వచ్చింది. రెంటికీ పొట్టి పేరు ఎఫ్ఎమ్ కావడంతో గొడవే లేకుండా సర్దుకుపోయాయి. ప్రోటాన్ వ్యాసార్థం 0.84 ఎఫ్ఎమ్ అని రాస్తే ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చదువుకుంటారు.

మాకూ అలాంటి శాస్త్రవేత్త ఒకరు కావాలి. పికోమీటర్ పొట్టి పేరు పీఎమ్ కాబట్టి, ఆయన పేరు ఇంగ్లిష్ స్పెల్లింగులో ముందు పి, తర్వాత ఎమ్ ఉండాలి. నోబెల్ ఉన్నవారికి ప్రాధాన్యం. ఆర్థర్ కాంప్టన్ పేరు పరిశీలనకు వచ్చింది. 1927 నోబెల్ ఉంది, ఆయన పేరు మీదున్న ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 2.43 పికోమీటర్లు, అర్హతలకు లోటు లేదు. కానీ స్పెల్లింగులో ఎమ్ ముందొచ్చి, పి తర్వాత వచ్చింది. ఫైలు తిప్పి పంపించాం.