హాయిగా ఓడలో తిరిగి వచ్చాడట మా నాన్న!

మధ్యాహ్నం లక్ష్మీపురంలో మా చిన్నత్త కూతురి నిశ్చితార్థానికి వెళ్ళి ఇప్పుడే గుంటూరు ఎండలో ఇల్లు చేరాను. చీరైనా మార్చుకోకుండా రాస్తున్నాను. మార్చుకుంటే కోపం చల్లారుతుంది, అది నాకిష్టం లేదు.

పంక్తిలో నాన్న పక్కన నేను, ఎదురు వరసలో మా బాబాయి. పనసపొట్టు కూర వడ్డిస్తుండగా ఆయన పెళ్ళికొడుకు వాళ్ళకు నాన్నను పరిచయం చేశాడు. "మా అన్నయ్య, నేవీలో చేశాడు. ఆయనకేమండీ, ప్రభుత్వం ఖర్చుతో ఓడలో హాయిగా దేశాలు తిరిగి వచ్చాడు. ఇక్కడ బరువూ బాధ్యతా మోసింది మేము." అందరూ నవ్వారు. నాన్నకు వినపడలేదు. నా వైపు వంగి "ఏమంటున్నాడమ్మా?" అన్నాడు. "కూర బాగుందా అని అడుగుతున్నాడు నాన్నా" అన్నాను. "బ్రహ్మాండంగా ఉందిరా!" అని హాలంతా అదిరేలా చెప్పాడు. మళ్ళీ నవ్వులు. ఎవరో "నేవీ గొంతు" అన్నారు కూడా.

అది నేవీ గొంతు కాదండీ, నేవీ చెవులు. ఇంజను గదిలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడికి పక్కవాడు అరిస్తే తప్ప వినపడదు, తను అరవకపోతే పక్కవాడికి వినపడుతుందన్న నమ్మకమూ ఉండదు.

దేశాలు తిరిగాడట! ఇంజను గదికి కిటికీ ఉంటుందనుకున్నాడు కాబోలు బాబాయి. నాలుగు గంటల డ్యూటీ, కాస్త నిద్ర, మళ్ళీ డ్యూటీ. అందులో మిడిల్ వాచ్ అని ఒకటుంది, అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 4 దాకా. పడుకోవడానికి ఒకదాని మీద ఒకటి మూడు బంకులు, పై బంకు వాడి ముక్కుకు జానెడు దూరంలో పైపులు. రిటైరై ఇన్నేళ్ళయినా నాన్న రాత్రి పదకొండున్నరకు లేచి కూర్చుంటాడు. అమ్మ కళ్ళు తెరవకుండానే "మీ వాచ్ ఇంకెవరో చూసుకుంటారు, పడుకోండి" అంటుంది. స్నానం ఇప్పటికీ అర బకెట్టే. ఒంటికి సబ్బు రాసుకునేంతసేపూ కుళాయి కట్టేసి ఉంటుంది.

అన్నట్టు ఈ బాబాయిగారే 2003 వేసవిలో సకుటుంబంగా విశాఖ వచ్చి, మా క్వార్టర్లో పది రోజులు మకాం వేశారు. రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామిని చూపించడానికి నాన్న తీసుకెళ్ళాడు. 31 ఏళ్ళు మనుషులు లోపల ఉండి నడిపిన జలాంతర్గామి అది. బాబాయి పది నిమిషాలు ఉండలేకపోయాడు. "ఉక్క, ఊపిరాడటం లేదు" అంటూ పిల్లల్ని తోసుకుని బయటపడి కొబ్బరిబొండాం తాగాడు. ఒడ్డున, కదలకుండా ఉన్నదానిలో! ఏటా డిసెంబర్ 4న, నేవీ డే నాడు మాత్రం 1971 కరాచీ దాడి గురించి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునక గురించి స్టేటస్‌లు పెట్టి "మా అన్నయ్య నేవీ" అని రాసుకుంటాడు.

పంక్తిలోనే ఉన్న ఒక మేనమామ "ఇప్పటి నేవీ వాళ్ళకేముందిలే, రోజూ వీడియో కాల్స్" అని అందుకున్నాడు. 2019 డిసెంబరులో గూఢచర్యం కేసు బయటపడ్డాక యుద్ధ నౌకల్లో స్మార్ట్‌ఫోన్లే నిషేధించారు మావయ్యా, అది కూడా పేపర్లోనే వచ్చింది.

మా కాలంలోనైతే నీలం ఇన్లాండ్ కవరు. ఊరి పేరు ఉండదు. నాన్న పేరు, హోదా, నంబరు, ఓడ పేరు, కింద కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు, అంటే ఓడల వాళ్ళకు ఉత్తరాలు చేర్చే నేవీ తపాలా ఆఫీసు. "సెయిలింగ్ ఉంది" అంటాడు, ఎక్కడికో చెప్పడు, ఎప్పుడొస్తాడో చెప్పడు. చెప్పకూడదు. నాకు అక్షరాలు వచ్చాయని నేను రాసిన మొదటి ఉత్తరం నాన్న చేతికి అందేసరికి నేను గుణింతాలు కూడా పూర్తి చేశాను.

సరే, బరువూ బాధ్యతా అన్నాడు కదా, ఆ లెక్క కూడా తేల్చేద్దాం. 1998లో నానమ్మ మంచాన పడింది. ఎనిమిది నెలలు బ్రాడీపేట అద్దె ఇంట్లో ఆవిడకు ఒళ్ళు తుడిచి, మలమూత్రాలు ఎత్తింది మా అమ్మ. ఒకపక్క నేను, ఒకపక్క చంటి తమ్ముడు. బాబాయి ఆదివారాలు బత్తాయిలు తెచ్చేవాడు. అరడజను! నానమ్మ పోయిన రోజు టెలిగ్రాం ఇచ్చారు. ఓడ నడిసముద్రంలో ఉంది. ఒడ్డుకు చేరి, రత్నాచల్ ఎక్కి, విజయవాడలో దిగి బస్సు పట్టుకుని నాన్న ఇల్లు చేరేసరికి పదకొండో రోజు. "పెద్దవాడు రాలేదు, తలకొరివి నేనే పెట్టాల్సి వచ్చింది" అని బాబాయి ఇప్పటికీ ప్రతి పెళ్ళిలో చెబుతాడు. తల్లికి తలకొరివి పెట్టేది చిన్నకొడుకే కదండీ! అన్న పక్కనే ఉన్నా పెట్టాల్సింది ఆయనే!

ఆ సెలవులోనే, గుండు మీద వెంట్రుకలు కూడా రాకముందే, మంగళగిరి దగ్గరి ఎకరంన్నర కాగితం ముందుపెట్టారు. "నువ్వు ఓడ మీద ఉంటావు, నీకు పొలం ఎందుకన్నయ్యా, అమ్మను చూసింది మేమే కదా" అని. నాన్న చదవకుండానే సంతకం చేశాడు. వాకిట్లో అమ్మ నానమ్మ పక్కబట్టలు ఉతుకుతూనే ఉంది. రాజధాని మాట వచ్చాక ఆ ఎకరంన్నర ఏమైందో గుంటూరు జిల్లా వాళ్ళకు నేను చెప్పాలా?

బాబాయి ఇది చదువుతాడని తెలుసు. చదవనీ. భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటూ నన్ను పక్కకు పిలిచి ఏమడిగాడో కూడా చెబుతాను. "మిలిటరీ క్యాంటీన్ నుంచి అన్నయ్య ఏమైనా తెచ్చాడా అమ్మా?"

తెచ్చాడు. పొద్దున్నే పాత పేపర్లో చుట్టి, సంచిలో పెట్టి, "బాబాయి అడుగుతాడు, మరిచిపోకు" అని నా స్కూటర్ డిక్కీలో పెట్టించాడు. ఇంటికి రాగానే "ఇచ్చావా?" అని అడిగాడు. ఇచ్చానన్నాను. ఇంకా డిక్కీలోనే ఉంది.